సంకల్పమునకు సాక్షి

హైదరాబాదునకు పడమట, ఉస్మాన్‌సాగరు గట్టున వెలసిన చిలుకూరు బాలాజీకి ‘వీసా బాలాజీ’ యను వ్యవహారనామము వ్యాపించినది మొదలు, ఆ పేరు విని నవ్వుకొనువారును, నొచ్చుకొనువారును మన విద్యావంతులలో బయలుదేరిరి. అఖిలాండకోటి బ్రహ్మాండనాయకుని ఒక పరదేశపు కాన్సులేటునకు సిఫారసు చేయుమని వేడుకొనుట భక్తి యగునా, బేరమగునా యని వారి శంక. బేరమను మాట మాత్రము అక్కడ పొసగదు. ఆ గుడిలో హుండీ లేదు. ప్రత్యేక దర్శనమునకు టిక్కెట్టు లేదు. మొక్కుకొన్నవారు 11 ప్రదక్షిణములును, కోరిక యీడేరిన వెనుక మరలివచ్చి 108 ప్రదక్షిణములును చేయుదురు. లెక్క తప్పకుండుటకై గళ్లు గీసిన చీటి చేతబట్టి, చుట్టునకొక గడి చొప్పున కొట్టివేసికొనుచు నడచుచుందురు. దేవునికి వారు చెల్లించునది కాలినడకయే. రుసుము పుచ్చుకొనునది కాన్సులేటు. కాదన్నను దానిని తిరిగి యీయనిదియు కాన్సులేటే.

నన్నడిగిన, అచ్చటి వింత వేరొకటి. ఆ క్షేత్రమాహాత్మ్యమును బట్టి, ఏటేట తిరుమలకు పోయివచ్చు నొక భక్తుడు వ్యాధిపీడితుడై కదలలేకుండగా, స్వామి కలలో కనబడి, తాను చేరువ యడవియందే యున్నాననియు, అంతదూరము రానక్కరలేదనియు ఊరడించెనట. ప్రయాణము చేయలేనివానికొరకు తానే తరలివచ్చిన దైవమును ప్రయాణములకే అధిదేవతగా చేసికొన్న లోకపు చమత్కారము ఇంతింత యనరాదు.

ఇక కోరి కొలుచుట తప్పా యన్న ప్రశ్నయందు ఎక్కువ సేపు నిలువ బనిలేదు. గీతయందలి యేడవ యధ్యాయమున భగవంతుడు తన్ను సేవించువారిని ఆర్తుడు, జిజ్ఞాసువు, అర్థార్థి, జ్ఞాని యని నాలుగు తెరగులుగా విభజించి, జ్ఞానిని తన యాత్మగానే యెంచినను, తక్కిన మువ్వురను వెలివేయక, అందరును ఉదారులే యనెను. మీమాంసకులకైతే ఈ సందేహమే పుట్టదు. వాన కోరువానికి కారీరీష్టిని విధించిన వేదము ప్రమాణమైనవారికి, వీసా కోరువాని మొక్కు ఆశ్చర్యము గొలుపదు. చిక్కు అడుగుటలో లేదు. ఈ సన్నిధిలో అడిగినదానికిని, ఆ సన్నిధిలో చెప్పినదానికిని గల పొత్తునందున్నది.

1952వ సంవత్సరపు అమెరికా వలస, జాతీయతా చట్టమున 214(బి) యను విభాగము కలదు. విద్యార్థిగా గాని సందర్శకుడుగా గాని ఆ దేశమునకు పోగోరువాడు అచ్చటనే స్థిరపడ నుద్దేశించినవాడని చట్టము ముందుగనే భావించును. అట్లు కాదని అధికారికి తృప్తి కలుగునట్లు చూపుకొను భారము దరఖాస్తుదారునిది. నేరము మోపబడినవానిని సైతము, రుజువగువరకు నిర్దోషిగా నెంచు న్యాయసంప్రదాయముగల దేశము, చదువబోవు పిల్లవాని యుద్దేశమును రుజువగువరకు శంకించుచున్నది. అదియును, రుజువు చేయవలసినది చేసిన పనిని కాదు. మున్ముందు నిలువవలసిన మనస్సును.

బృహదారణ్యకమున యాజ్ఞవల్క్యుడు ఉద్దాలకారుణికి ఎరిగించిన అంతర్యామి, మనస్సునందే వసించుచు మనస్సునకు తెలియబడక, లోపలినుండి దానిని నడపువాడు. ఆ యంతర్యామికి మాత్రమే సాధ్యమైన పనిని, గాజు కిటికీ కావల నున్న యొక యుద్యోగి, బ్యాంకు నిల్వయు, తండ్రి కొలువును, కళాశాల పంపిన ఐ-20 పత్రమును, మాటతీరును ఆధారముగా గొని, కొలది నిమిషములలో ముగింపవలెను. ఆతని నిందించుట న్యాయము కాదు. వరుస తెగదు, శాసనము సడలదు, ఎదుటనున్న ముఖము ఎన్నడును చూచినది కాదు. కాని ఆతడు వలదన్నచో, ఆ నిర్ణయమును పునర్విచారించుటకు ఆ దేశపు న్యాయస్థానములు సాధారణముగా పూనుకొనవు. మరల రుసుము కట్టి, మరల ఆ కిటికీకే పోవలెను. ఉద్యోగార్థులగు హెచ్-1బి వారి సంగతి మరియు విచిత్రము: ఏటికి 65,000, ఆ దేశమున పైచదువు చదివినవారికి మరి 20,000 అను పరిమితిని కోరువారి సంఖ్య మించుటచే, పలు సంవత్సరములు చీట్లెత్తినట్లే ఏరిరి. కర్మసిద్ధికి అయిదు కారణములను లెక్కించిన గీత దైవమును అయిదవదిగా నిలిపినది. ఇక్కడ ఆ యయిదవదే మొదటి పీట నెక్కినది. లోపలి కారణము తెలియరాని తీర్పునకు లోబడబోవువాడు, తన లోపలిని ఎరిగిన సాక్షి యొక్కడైనను ఉండవలెనని వెదకికొనుటను మూఢత్వమని కొట్టివేయుట నాకు సమ్మతము కాదు.

అయితే ఆ సాక్షి యెదుట నిలుచుట అంత సులభమును కాదు. గుడిలో ‘నన్ను గట్టెక్కించు స్వామీ’ యనియు, కిటికీయొద్ద ‘చదువు ముగియగనే తిరిగివత్తు’ననియు, స్నేహితుల నడుమ ‘పోయినవాడెవడురా తిరిగివచ్చినది?’ యనియు, ఒక్క నోటనే మూడు మాటలు వెలువడుట మన యూళ్లలో అరుదు కాదు. నడిమి మాటను తొట్రుపడక చెప్పుటకై ‘మాక్ ఇంటర్వ్యూ’ పేర కన్సల్టెన్సీలలో అభ్యాసము చేయించుటయు కలదు. ఇది అసత్యమా? యోగసూత్రములపై వ్యాసభాష్యము, చూచినట్లు, ఊహించినట్లు, విన్నట్లు వాక్కును మనస్సును ఉండుటయే సత్యమని నిర్వచించినది. చూచుటకును వినుటకును ఇంకను పుట్టని భావికార్యమున ఈ కొలతబద్ద యెట్లు పనికివచ్చును? అచ్చటనే ఉండిపోవుటకు నిశ్చయించుకొని, వత్తునని పలుకువానిది బొంకే. ప్రదక్షిణములెన్ని చేసినను అది నిజమగుట లేదు. కాని ఇరువదిరెండేండ్ల పిల్లలలో పెక్కురకు అట్టి నిశ్చయమే కలుగలేదు. పోయినపిదప ఏమి తోచునో వారికి తెలియదు. ఆ తెలియమిని ఉన్నదున్నట్లు చెప్పిన, 214(బి) చీటి చేతబడును. కనుక తెలియనిదానికి నిశ్చయమను వేషము తొడిగి నిలువబెట్టుదురు. వేషము తొడుగుకొన్నవాని కంటె తొడుగుమన్న శాసనమునకే ఇందు పాలు హెచ్చని నా యభిప్రాయము.

ఆ శాసనమునకే ఈ సంగతి తెలియకపోలేదు. 1990వ సంవత్సరపు చట్టముచే హెచ్-1బి, ఎల్ తరగతుల యుద్యోగులను ఈ పూర్వానుమానమునుండి తప్పించిరి. తాత్కాలికముగా పోవు తలంపును, స్థిరపడు తలంపును ఒకే మనస్సున నుండవచ్చునని వారి విషయమున ఒప్పుకొనిరి. విద్యార్థి మనస్సు మాత్రము ఏకముఖముగా నుండవలెనట! కొడుకు కొరకు చుట్లు తిరుగు తల్లి నడిగిన, ఈ ద్వైతమున వింతయేమియు లేదని చెప్పును. వాడు పోవలెననియు, వాడు తన కంటి యెదుట నుండవలెననియు ఆమె ఒక్క దండముతోనే కోరుచున్నది.

పూర్వకాలమున ఈ ద్వారము మన వైపుననే మూయబడి యుండెడిది. బౌధాయనుడు సముద్రయానమును పతనహేతువులలో చేర్చెను. అదియే ఔత్తరాహులలో ఆచారముగా నున్నదనియు ఆయనయే చెప్పియుండుట వేరుమాట. 1888లో లండనునకు బయలుదేరిన గాంధీని బొంబాయిలోని ఆయన కులపెద్దలు వెలివేసిరి. కేంబ్రిడ్జికి రమ్మని 1913లో పిలుపు వచ్చినప్పుడు ఆచారభీతిచే వెనుదీసిన గణితవేత్త రామానుజనుడు, నామక్కల్‌లోని నామగిరి తాయారు తన తల్లికి స్వప్నమున కనబడి అడ్డుచెప్పవలదని యాజ్ఞాపించిన పిదపనే, 1914 మార్చి 17న చెన్నపట్టణమున ఓడ యెక్కెనని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసిరి. ఆ తల్లికి దేవత యనుమతి చాలినది. నేటి తల్లికి దేవుని యనుమతియందు సందేహము లేదు; అటువైపు అనుమతికొరకే ఆమె దేవుని నాశ్రయించుచున్నది.

ఆ యటువైపు తలుపు ఎవరి సొత్తు? ఇమాన్యుయెల్ కాంట్ 1795లో శాశ్వతశాంతిని గూర్చి వ్రాయుచు, భూమి గోళాకారమగుటచే మనుజులు అనంతముగా చెదరిపోజాలరనియు, కనుక ఒకరినొకరు సహింపక తప్పదనియు, పరదేశికి సందర్శించు హక్కే గాని అతిథియై నిలిచిపోవు హక్కు లేదనియు తేల్చెను. 1948 నాటి విశ్వమానవహక్కుల ప్రకటన, ఏ దేశమునైనను విడుచుటకును, స్వదేశమునకు మరలుటకును ప్రతివానికి హక్కు కలదన్నది; అన్యదేశమున ప్రవేశించుటను గూర్చి అట్టిమాట చెప్పలేదు. మన సుప్రీంకోర్టు 1967లో విదేశయానమును వ్యక్తిస్వేచ్ఛయం దంతర్భాగముగా గుర్తించినను, ఆ తీర్పు మన గడప దాటించునే గాని ఎదుటివాని గడప నెక్కింపజాలదు. గడపయొద్ద కాచియున్నవానికి ఆతిథేయుడు ఋణపడునా యన్నదానికి ఈ మువ్వురిలో ఎవ్వరును సమాధానము చెప్పరు. కఠోపనిషత్తు చెప్పినది. యముడు ఇంట లేనివేళ వచ్చి, మూడు రాత్రులు నిరాహారుడై వాకిట నిలిచిన నచికేతునికి, ఆ మృత్యుదేవత నమస్కరించి, నిరీక్షించిన రాత్రికొక్కటి చొప్పున మూడు వరములిచ్చెను. అపాయింటుమెంటునకై నెలలు కాచుకొను మనవారికి ఈ లెక్క వర్తించిన, ఎన్ని వరములు పేరుకొనియుండునో!

ఆ వరములలో బ్రహ్మవిద్యకు చెందిన మూడవదానిపై భాష్యకారులు విపులముగా వ్రాసిరి. మొదటిదానిని పాఠకులు సాధారణముగా త్వరగనే దాటిపోవుదురు. తాను మరలి యింటికి చేరినప్పుడు, తండ్రి కోపముడిగి, శాంతచిత్తుడై, తన్ను గుర్తించి పలుకరింపవలెనని ఆ బాలుడు కోరెను. పోయినవారు తిరిగిరారని పేరుపడిన చోట నిలిచి, ఆత్మతత్త్వముకంటె ముందు అతడు ఇంటిదారి నడిగెను. యముడు ఏ రుజువును కోరక తొలుతనే దాని నొసగెను.