వ్యక్తి గోప్యత - యజమాని హక్కు

గత వేసవిలో నేను పాఠాలు చెప్పే ప్రైవేటు కళాశాలలో ఒక చిన్న సంఘటన జరిగింది. రెండు నెలలుగా జీతం అందని ఒక అధ్యాపకురాలు మధ్యాహ్నం విరామంలో తన ఫోనులో కార్మికశాఖ వెబ్‌సైటు చూసింది. ఫోను ఆవిడది, వైఫై కళాశాలది. మర్నాడు ప్రిన్సిపాలుగారు పిలిచి, "లేబరాఫీసుతో మీకేం పనండీ?" అని నవ్వుతూ అడిగారు. మెమో లేదు, కోపం లేదు. ఆ నవ్వే చాలింది. ఆవిడ వచ్చి నాతో చెప్పుకుంటే, "వాళ్ళ వైఫై కదమ్మా, మనమే జాగ్రత్తపడాల్సింది" అన్నాను. "మీ వైఫై అయితే మీరు చూసేవారా మాష్టారూ?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు. ఈ వ్యాసం ఆవిడకు నేను ఇచ్చుకుంటున్న సంజాయిషీ.

వైఫై యజమానికి ఏం కనిపిస్తుంది? మనం భయపడినంతా కనిపించదు. నేడు వెబ్‌సైట్లు చాలావరకు సంకేతలిపిలో నడుస్తున్నాయి గనుక మనం చదివిన పేజీ గాని, వాట్సాప్‌లో రాసిన వాక్యం గాని అతనికి అందవు. ఏ లాగిన్, ఏ వేళ, ఏ సైటును అడిగింది, ఎంత డేటా వాడింది అనేవి మాత్రం నమోదు చేసుకోవచ్చు. మన ఫోనులో వారి సర్టిఫికెటో, అజమాయిషీ సాఫ్ట్‌వేరో వేయించారా, లోపలి మాటలకూ దారి దొరకవచ్చు. ఉత్తరం విప్పకుండానే కవర్ల మీది చిరునామాలన్నీ రాసిపెట్టుకునే పోస్టుమానును ఊహించండి. క్యాన్సరు ఆసుపత్రి, అప్పులిచ్చే కంపెనీ, విడాకుల వకీలు, యూనియను - మనిషిని చదవడానికి ఈ చిరునామాలు చాలవా?

పరీక్షపత్రాలు బయటికి పోకుండా, వైరసు లోపలికి రాకుండా చూసుకునే అవసరం యాజమాన్యానికి ఉంది, కాదనను. అందుకు ప్రమాదకరమైన సైట్లను ఆపితే సరిపోతుంది. ఎవరు దేన్ని వెతికారో ప్రిన్సిపాలు బల్లమీదికి చేరనక్కరలేదు. కామందు బావిలో నీళ్ళు తోడుకున్న పాలేరును "ఈ నీళ్ళతో ఏం వండావురా?" అని అడిగే హక్కు బావి వల్ల వస్తుందా? కామందు అడిగేవాడు, నిజమే. పాలేరుకు వేరే బావి లేదు గనుక అడిగేవాడు. కార్మికుడు అమ్మేది నిర్ణీత కాలానికి తన శ్రమశక్తిని మాత్రమేననీ, తననే అమ్ముకుంటే బానిస అవుతాడనీ మార్క్స్ 'పెట్టుబడి'లో వివరించాడు. మధ్యాహ్నపు అరగంటను ఆవిడ ఎవరికీ అమ్మలేదు.

గోప్యత బూర్జువా వ్యక్తివాదపు విలాసమని కొందరు మిత్రులు తేలిగ్గా తీసేస్తారు. 1948 తర్వాతి నిర్బంధకాలంలో ఒక్కొక్క చీటీని ప్రాణంతో సమానంగా మోసినవారి వారసులు అనవలసిన మాటేనా ఇది?

ఖరక్ సింగ్ కేసులో, 1962లో, గోప్యత రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదని సుప్రీంకోర్టు మెజారిటీ అన్నది. రాజమండ్రివాడైన జస్టిస్ కోకా సుబ్బారావు విభేదించి, వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత అంతర్భాగమని రాశాడు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ దారికే వచ్చారు. ఐతే ఆ తీర్పు గురి ముఖ్యంగా ప్రభుత్వం మీద. 2023 నాటి వ్యక్తిగత డేటా చట్టమేమో, ఉద్యోగ అవసరాల పేరిట సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వెసులుబాటును 7వ సెక్షన్‌లో యజమానికి ఇచ్చింది. ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం మాత్రం బర్బులెస్కు కేసులో, 2017 సెప్టెంబరులో, యజమాని ఆదేశాలు పనిచోట మనిషి వ్యక్తిగత జీవితాన్ని సున్నా చేయలేవన్నది. అక్కడ కంప్యూటరు కూడా యజమానిదే!

మేము యాజమాన్యానికి ఉత్తరం రాశాం: ఏం నమోదు చేస్తున్నారు, ఎన్నాళ్ళు ఉంచుతారు, ఎవరు చూస్తారు, రాతపూర్వకంగా చెప్పండి అని. అయిదు సంతకాలు. మొదటిది ఆవిడది, రెండోది నాది. జవాబు రాలేదు. ప్రస్తుతానికి విరామంలో అందరం గేటు దగ్గరి వేపచెట్టు కింద నిలబడి సొంత డేటా వాడుకుంటున్నాం. అక్కడ సిగ్నలు బాగానే వస్తుంది.