తలశ్శేరి నుంచి మిచిగన్‌కి



అమ్మాయికి ఫారిన్ స్కాలర్‌షిప్ వచ్చిందనగానే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న, ‘ఏం చదువుతుందట?’ అని. ‘మొక్కల సంరక్షణ’ అని చెప్పి చూడండి. కాసేపు ఎవరూ మాట్లాడరు. కంప్యూటర్లయితే ఈపాటికి వీధంతా స్వీట్లు పంచేవాళ్లం!

వందేళ్ల కిందట మద్రాసులో పాఠాలు చెప్పుకుంటున్న తలశ్శేరి అమ్మాయి జానకి అమ్మాళ్‌కి అలాంటి అవకాశమే వచ్చింది. ఆసియా మహిళల కోసం మిచిగన్ విశ్వవిద్యాలయం ఇచ్చే బార్బర్ స్కాలర్‌షిప్ అది. ఓడెక్కి వెళ్లి, 1931లో వృక్షశాస్త్రంలో డాక్టరేట్ అందుకున్నారు. కోయంబత్తూరులో చెరకు మీద, ఇంగ్లండులో క్రోమోజోముల మీద పనిచేశారు. నెహ్రూ పిలుపుతో తిరిగొచ్చి బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాని చక్కదిద్దే బాధ్యత తలకెత్తుకున్నారు.

నాకు మాత్రం వీటన్నిటికన్నా ఆమె ఎనభయ్యో పడే ఇష్టం. కేరళలో సైలెంట్ వ్యాలీ అడవిని ముంచే జలవిద్యుత్ ప్రాజెక్టు తలపెట్టినప్పుడు, ఆ వయసులో ఆమె ఎదురు నిలిచారు. ఒట్టి నినాదాలతో కాదు. మునిగిపోబోయే చెట్ల క్రోమోజోములు లెక్కగట్టి రాసిపెడతానని బయల్దేరారు. మిచిగన్‌లో పట్టిన మైక్రోస్కోపు అప్పటికీ చెయ్యి వదల్లేదన్నమాట.

ప్రాజెక్టు ఆగింది. 1984 ఫిబ్రవరిలో జానకి అమ్మాళ్ కన్నుమూశారు. అదే ఏడాది నవంబరులో సైలెంట్ వ్యాలీ జాతీయ పార్కు అయింది. ఇంగ్లండులో ఆమె పేరు పెట్టుకున్న ఒక మాగ్నోలియా రకం ఉంది. వసంతం రాగానే తెల్లగా పూస్తుంది.