ఛాయ నుంచి శీలానికి: ‘కార్తీకదీపం’ ధారావాహికలో నమ్మకం, నిరూపణ, స్త్రీ గౌరవం

స్టార్ మా ఛానల్‌లో ప్రసారమైన ‘కార్తీకదీపం’ ధారావాహిక 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. మలయాళంలో ఏషియానెట్ ప్రసారం చేసిన ‘కరుత్తముత్తు’ దీనికి మూలం. కాపుగంటి రాజేంద్ర దర్శకత్వంలో దీపగా ప్రేమీ విశ్వనాథ్, డాక్టర్ కార్తీక్‌గా నిరుపమ్ పరిటాల నటించారు. అయిదేళ్లకు పైగా ఎన్నో తెలుగు ఇళ్లలో సాయంకాలపు పనులు ఈ కథ వేళకు అనుగుణంగా సర్దుకున్నాయనడం అతిశయోక్తి కాదు. వారపత్రికల్లో ధారావాహిక నవల రాజ్యమేలిన రోజుల్లో యద్దనపూడి సులోచనారాణి పాఠకురాళ్లను విమర్శ ఎంత తేలికగా తీసిపారేసిందో, టెలివిజన్ ప్రేక్షకురాళ్లనూ అంతే తేలికగా తీసిపారేస్తున్నది. ఆ నవలలను తిరిగి చదవడానికి విమర్శకు చాలాకాలం పట్టింది. ఈసారి అంతకాలం ఆగనవసరం లేదు. ఎందుకంటే ఈ ధారావాహిక తనకు తెలిసో తెలియకో ఒక గట్టి నైతిక ప్రశ్నను ముందుకు తెచ్చింది. ఒక స్త్రీని గౌరవించడానికి ఆమె నిర్దోషి కావడం అవసరమా?

కథ ఈ ప్రశ్నతో మొదలుకాలేదు. మొదట్లో ఉన్నది రంగు సమస్య. దీప నల్లని అమ్మాయి. సవతి తల్లి భాగ్యం ఇంట్లో ఈసడింపుల మధ్య పెరిగింది. కార్తీక్ ఆమెను ఇష్టపడి పెళ్లి చేసుకున్నాడు. అత్త సౌందర్య డబ్బూ హోదా ఉన్న, వ్యవహారాలు చక్కబెట్టగల నగర స్త్రీ. ఆమెకు నలుపంటే గిట్టదు. ఆమె పేరు ఎంపికలోనే రచయితల ఎత్తిపొడుపు కనిపిస్తుంది. తెరమీద దీప నలుపు మేకప్‌తో తెచ్చిపెట్టుకున్నది కావడం మరొక వైపరీత్యం. రంగు వివక్షను నిరసించే కథకు నల్లని నటిని ఎంచుకోకపోవడం మీద ఎన్ని మాటలైనా అనవచ్చు. ఇక్కడ అవసరమైనంత వరకు ఒక్క విషయం గమనిస్తే చాలు. ఈ తొలి దశలో దీప గౌరవం ఏ నిరూపణ మీదా ఆధారపడలేదు. ఆమె నిజంగానే నల్లనిది. ఎవరో పొరపాటుపడి నల్లనిదనుకోవడం లేదు. నల్లనిదే అయినా, ఆ ఇంటి కోడలిగా, మనిషిగా ఆమెకు మర్యాద దక్కాలన్నది కథ వాదం. ఆరోపించిన విషయం వాస్తవమే, కాని అది దోషం కాదు అన్న ఈ తర్కం చాలా బలమైనది.

మోనిత ప్రవేశంతో ఈ తర్కం చేయి జారింది. కార్తీక్‌కు స్నేహితురాలు, తానూ వైద్యురాలు అయిన మోనిత అతనికి సంతానయోగ్యత లేదని నమ్మించింది. దీప గర్భవతి అయినప్పుడు అతడు ఆమె స్నేహితుడు విహారిని అనుమానించాడు. దీప ఇల్లు విడిచింది, బిడ్డను సాకింది, వంటలు చేసి బతికింది. ఇక్కడి నుంచి కథ వాదం మారింది. దీప శీలవతి, కార్తీక్‌కు అది తెలియదు, తెలిస్తే అన్నీ చక్కబడతాయి. అంటే ఆరోపణ అబద్ధం కాబట్టే అన్యాయం. ఆరోపణ నిజమైతే? ఆ ఊహకు ధారావాహిక తలుపు తీయలేదు. ఛాయ విషయంలో ‘అయినా గౌరవించు’ అన్న కథే, శీలం విషయంలో ‘కాదు గనుక గౌరవించు’ అన్నది. పైకి ఒకే స్త్రీ పడిన కష్టాలుగా కనిపించే ఈ రెండు దశల మధ్య నైతికంగా చాలా దూరం ఉంది. లోతైన ప్రశ్నతో మొదలై సులభమైన ప్రశ్నలోకి జారుకోవడం ఈ కథలోని అసలు మలుపు. మోనిత కుట్రలన్నీ దాని తరువాతివే.

ఈ జారుడును ప్రేక్షకులు గుర్తించకపోవడానికి ధారావాహిక రూపమే ఒక కారణం. ప్రేక్షకురాలికి మొదటి నుంచీ నిజం తెలుసు. దీప నిర్దోషిత్వానికి ఆమే ప్రత్యక్షసాక్షి. అయితే ఆమె సాక్ష్యం చెప్పలేదు, తెర అవతలికి ఆమె గొంతు వినిపించదు. నిజం తెలిసీ పలకలేని ఈ స్థితి రోజురోజుకూ ఉత్కంఠగా పేరుకుని, న్యాయమంటే కార్తీక్‌కు నిజం తెలియడమే అన్న భావనను స్థిరపరిచింది. ‘ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే పోలేదా’ అని ఆ రోజుల్లో సామాజిక మాధ్యమాల్లో వెల్లువెత్తిన హాస్యం ఈ భావన నుంచే పుట్టింది. హాస్యానికి ఆధారం కథలోని లోపమే. వైద్యుడికి ఆ మాత్రం తోచదా? కాని ఆ హాస్యం కూడా దీప మాటకు పరీక్షా ఫలితం కన్న తక్కువ విలువే ఇచ్చింది.

మాట ప్రమాణమా కాదా అన్నది భారతీయ తర్కశాస్త్రం శతాబ్దాల పాటు చర్చించిన విషయం. న్యాయదర్శనం ఆప్తుని ఉపదేశాన్ని శబ్దప్రమాణంగా అంగీకరించింది. ఆప్తుడంటే విషయం స్వయంగా తెలిసి, తెలిసినది తెలిసినట్లు చెప్పేవాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యునికీ మ్లేచ్ఛునికీ సమానమే అని వాత్స్యాయన భాష్యం స్పష్టం చేసింది. చెప్పేవారి పుట్టుక కాదు, తెలిసి ఉండడమూ నిజాయితీగా చెప్పడమూ ముఖ్యం. తన గర్భం విషయంలో దీప కన్న ‘తెలిసినవారు’ ఎవరు? మరి ఆమె మాట ప్రమాణం కాకపోవడానికి కారణం తర్కంలో లేదు. చెప్పేవారి మీద ముందే ఉన్న చిన్నచూపు వల్ల వారి మాటకు తగిన విలువ దక్కకపోవడాన్ని మిరాండా ఫ్రికర్ 2007లో వెలువరించిన గ్రంథంలో జ్ఞానసంబంధమైన అన్యాయాల్లో ఒకటిగా వివరించారు. దీపకు జరిగినది సరిగ్గా అదే.

ఇక్కడ కార్తీక్ పక్షాన ఒక సమాధానం చెప్పవచ్చు. అతడు వైద్యుడు, శాస్త్రాన్ని నమ్మాడు, భార్య మాటకూ శాస్త్రానికీ వైరుధ్యం వచ్చినప్పుడు శాస్త్రం వైపు నిలిచాడు, అందులో తప్పేముంది? తరచి చూస్తే ఈ సమాధానం నిలవదు. అతడు నమ్మినది శాస్త్రాన్ని కాదు, మోనితను. ఆ నివేదిక వెనక ఉన్నదీ ఒక స్త్రీ మాటే. ఇద్దరు స్త్రీల మాటల్లో అతడు ఒకదాన్ని ప్రమాణంగా తీసుకుని రెండోదానికి రుజువు అడిగాడు. తన లోపాన్ని గురించి చెప్పిన మాటను అంత సులువుగా నమ్మినవాడు దీప మాటను నమ్మకపోవడం జ్ఞానానికి సంబంధించిన జాగ్రత్త కాదు.

మీమాంసకులది మరొక దారి. జ్ఞానానికి ప్రామాణ్యం స్వతస్సిద్ధమనీ, దోషం బయటపడినప్పుడో విరుద్ధమైన జ్ఞానం కలిగినప్పుడో మాత్రమే అప్రామాణ్యం ఏర్పడుతుందనీ కుమారిలభట్టు పరంపర వాదించింది. బాధకం లేనంతవరకు నమ్మకమే సహజస్థితి, సందేహానికే కారణం చూపాలి. విచిత్రమేమంటే, ఇలాంటి నిర్మాణమే 1872 నాటి సాక్ష్యాధార చట్టం 112వ సెక్షన్‌లో కనిపిస్తుంది. చట్టబద్ధమైన వివాహం కొనసాగుతుండగా పుట్టిన బిడ్డ భర్త సంతానమే అనడానికి ఆ పుట్టుకే నిశ్చయాత్మకమైన రుజువు. ఆ కాలంలో దంపతులు కలుసుకునే అవకాశమే లేదని కాదనేవారు నిరూపించాలి. ఇదే నియమం ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 116వ సెక్షన్‌గా ఉంది. గౌతమ్ కుండు కేసులో 1993లో సుప్రీంకోర్టు రక్తపరీక్షకు మామూలుగా ఆదేశించరాదని చెప్పింది. 2014లో నందలాల్ బద్వాయిక్ కేసులో మాత్రం శాస్త్రీయ పరీక్షాఫలితానికీ చట్టపు ఊహకూ పొసగనప్పుడు ఫలితమే నిలుస్తుందని తీర్పు వచ్చింది. ఈ రెంటి మధ్య లాగులాట నేటికీ తెగలేదు.

అయితే చట్టం చూపే ఈ నమ్మకం స్త్రీ మీద గౌరవం వల్ల పుట్టిందనుకోవడం పొరపాటు. బిడ్డ అనాథ కాకూడదన్నది, కుటుంబం చెదరకూడదన్నది దాని ఉద్దేశం. కారణం ఏదైనా, 1872 నాటి చట్టం నగరంలో చదువుకున్న ఈ వైద్యుని కన్న ఒక మెట్టు పైనే నిలిచింది.

తెలుగు సాహిత్యంలో ఈ ప్రశ్నకు దీటైన రూపం ఓల్గా ‘విముక్త’ సంపుటిలో దొరుకుతుంది. 2015 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఈ సంపుటిలోని ‘మృణ్మయనాదం’ కథలో సీత అహల్యను కలుస్తుంది. ఇంద్రుడు వచ్చినప్పుడు అహల్యకు అతడెవరో తెలుసా, తెలియదా? లోకమంతా తర్కించిన ఈ సందేహానికి అహల్య జవాబు చెప్పదు. అసలు విచారణకు కూర్చోవడమే అపనమ్మకమన్నది ఆమె వైఖరి. నిర్దోషినని తేలినా పరీక్షకు ఒప్పుకున్న క్షణంలోనే కోల్పోయేది ఒకటి ఉంటుంది. రామాయణ కథాగతి దీన్ని బలపరుస్తుంది. యుద్ధకాండలో అగ్ని సాక్ష్యం పలికినా ఉత్తరకాండలో లోకాపవాదం తిరిగి లేచింది. రుజువు ఎదుట నిలిచిన సందేహానికి ఇంకొక రుజువు అడగడం పెద్ద కష్టం కాదు. నిర్దోషిత్వపు షరతును పూర్తిగా తోసిపుచ్చిన పాత్రలూ మనకు కొత్త కాదు. ‘కన్యాశుల్కం’ మధురవాణి పట్ల పాఠకుని గౌరవం ఆమె శీలంతో ముడిపడలేదు. చలం ‘మైదానం’ రాజేశ్వరి భర్త ఇల్లు వదిలి తన ఇష్టంతోనే వెళ్లింది, తన కథ తానే చెప్పింది. ఆ నవల 1927 నాటిది. తొంభై ఏళ్ల తరువాత వచ్చిన ‘ఆధునిక’ కథ అంతకన్న వెనక నిలబడవలసిన అగత్యం ఏమిటో అర్థం కాదు.

‘కార్తీకదీపం’లో రాజేశ్వరికి చోటు లేకపోలేదు. ఇష్టపడినవాడి కోసం లోకాన్ని లెక్కచేయని స్త్రీ ఇక్కడ మోనిత అయింది. చదువు, వృత్తి, కోరిక, మాటకారితనం అన్నీ ఆమె వాటాకు వచ్చాయి. వాటితో పాటు హత్యానేరమూ వచ్చింది. దీని మీద స్త్రీవాద విమర్శ చెప్పగలిగింది సులభంగానే ఊహించవచ్చు.

అంతకన్న ఆలోచించవలసింది దీప సంపాదించిన పేరు. ప్రేక్షకులు ఆమెను కార్తీక్ భార్యగా కాక ‘వంటలక్క’గా గుర్తుంచుకున్నారు. భర్త ఇంటి నుంచి బయటకు వచ్చాక, చేతిపనితో బతుకుతూ, బస్తీ మనుషుల మధ్య తెచ్చుకున్న పేరది. అందులో శీలం ప్రసక్తి లేదు, నిరూపణ లేదు. పొయ్యి ముందు నిలబడి పదిమందికి వండిపెట్టే మనిషి పట్ల సహజంగా కలిగే మర్యాద మాత్రమే ఉంది. కథ మలుపులో జారిపోయిన తొలి తర్కం ఈ పిలుపులో బతికే ఉంది. కథ రాసినవారి కన్న చూసినవారు ఈ విషయంలో ముందున్నారనిపిస్తుంది.

చూసినవారందరూ నగరవాసులు కారు. నగర స్త్రీ కథను ఉపగ్రహ ప్రసారం అడవి అంచు పల్లెల దాకా తీసుకుపోయింది. ఈ కథ పునాదిగా తీసుకున్న వివాహభావన అన్నిచోట్లా ఒకటేనా అన్న ప్రశ్న అక్కడ ఎదురవుతుంది. మహబూబాబాద్ జిల్లాలో కోయలు నివసించే గంగారం మండలాన్నే తీసుకుంటే, హిందూ వివాహ చట్టం షెడ్యూల్డు తెగలకు నేరుగా వర్తించదు. 2వ సెక్షన్ రెండవ ఉపసెక్షన్ వారిని మినహాయించింది. వారి వివాహాలు ఆచారం ప్రకారం సాగుతాయి. విడిపోవడం, మారుమనువు కోయ ఆచారంలో ఉన్నవే. ఈ మండలంలోని పూనుగొండ్ల నుంచే రెండేళ్లకొకసారి పగిడిద్దరాజును మేడారం జాతరకు తీసుకువెళతారు. పగిడిద్దరాజు సమ్మక్క భర్త. సమ్మక్క గద్దె మేడారంలో ఉంది. భర్తే అడవిదారిన భార్య ఉన్నచోటికి వస్తాడు. కాకతీయ సైన్యంతో పోరాడి చిలకలగుట్ట వైపు వెళ్లి అదృశ్యమైన ఆ తల్లి గౌరవం గురించిన కథనంలో శీలపరీక్ష ఘట్టం లేదు. ఇంతమాత్రాన కోయ స్త్రీలకు నిందలు, అనుమానాలు ఎదురుకావని చెప్పడం అమాయకత్వమే అవుతుంది. ఒక సమాజపు దేవతాకథ ఆ సమాజపు దినచర్య కాదు. అయినా భర్త గడప ముందు భార్య ఏళ్ల తరబడి ఎదురుచూడడమే తెలుగు దాంపత్యానికి ఏకైక చిత్రం అనుకునేవారికి పూనుగొండ్ల దారి ఒక అడ్డుమాట చెబుతుంది.

ఇక మిగిలింది పిల్లల సంగతి. దీపకు పుట్టిన కవలల్లో శౌర్య తల్లి దగ్గర పెరిగింది. రెండవ బిడ్డ హిమను సౌందర్య తెచ్చి కొడుకు ఇంట్లోనే పెంచింది. ఆ పాప తన రక్తమని కార్తీక్‌కు తెలియదు. పరాయి బిడ్డే అనుకుంటూ ప్రాణంగా చూసుకున్నాడు. శౌర్య ఎవరో తెలియకముందే ఆమెను ‘రౌడీ’ అని ముద్దుగా పిలిచి దగ్గరకు తీశాడు. రక్తసంబంధానికి రుజువు అడగకుండా ప్రేమించగల శక్తి అతనికి ఉందని కథే చూపించింది. రుజువు అవసరమైంది ఆ పిల్లల తల్లి దగ్గర మాత్రమే. ధారావాహిక ముగిసిన మరుసటి నెలలో, 2023 ఫిబ్రవరిలో, అపర్ణ ఫిరోదియా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, భార్యాభర్తల వివాదంలో తమ పుట్టుకను ఊరికే ప్రశ్నార్థకం చేయకుండా ఉండే హక్కు పిల్లలకు ఉందని గుర్తించింది. ఆ కేసులో బిడ్డకు డీఎన్‌ఏ పరీక్ష జరపాలన్న ఆదేశాన్ని రద్దు చేసింది.