రాత్రి మిగిలిన కేకు ఎవరికి?

పుట్టినరోజు రాత్రి కోసిన క్రీమ్ కేకు సగం మిగిలి, ఫ్రిజ్‌లో చోటు లేక అట్టపెట్టెలో బల్ల మీదే తెల్లారిందనుకుందాం. క్రీమ్ పువ్వులు ఒక పక్కకి జారి, అడుగు అట్టకి జిడ్డు మరక పట్టి ఉంటుంది. పారేయడానికి మనసొప్పదు, పిల్లలకు పెట్టడానికి ధైర్యం చాలదు. ఈ సందిగ్ధానికి మన ఇళ్లలో చాలాకాలంగా ఒక సులువైన మార్గం ఉంది: అంట్లు తోమడానికి వచ్చినామె చేతిలో పెట్టెతో సహా పెట్టేయడం. ఆ కేకు తినవచ్చా అన్నది ఆరోగ్యశాస్త్రం తేల్చాల్సిన ప్రశ్న. మనం తినడానికి జంకినదాన్ని ఇంకొకరికి ఇవ్వవచ్చా అన్నది ధర్మానికి సంబంధించినది. ఇవ్వకూడదని నా వాదన.

ముందు మొదటి ప్రశ్న సంగతి. అన్ని కేకులూ ఒకటి కావు. వెన్నలో పంచదార పొడి దండిగా కలిపి చేసిన పూత అయితే, ఆ పంచదార నీటిని పట్టి ఉంచుతుంది కాబట్టి సూక్ష్మజీవులు సులభంగా పెరగవు. చల్లటి గదిలో ఒకటి రెండు రోజులు ఆగుతుంది. గిలక్కొట్టిన క్రీమ్, చీజ్, కస్టర్డ్ ఉన్న కేకు అలా కాదు. త్వరగా పాడయ్యే ఆహారం బయట 2 గంటలకు మించి ఉండకూడదనీ, వేడి 32 డిగ్రీలు దాటితే ఆ గడువు ఒక గంటేననీ అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. మే నెల విజయవాడలో ఫ్యాను కింద ఉన్న కేకుకి ఇందులో ఏ గడువు వర్తిస్తుందో వేరే చెప్పాలా?

వాసన చూస్తే తెలిసిపోదా అంటారు. తెలియదు. మనుషుల చేతుల మీదా ముక్కులోనూ ఉండే స్టెఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా ఆహారంలో పెరిగి వదిలే విషానికి రంగూ రుచీ వాసనా ఉండవు, వేడిచేసినా అది పోదు. తిన్న అరగంట నుంచి 8 గంటల్లోపు వాంతులు పట్టుకుంటాయి. ప్రత్యక్షం తప్ప వేరే ప్రమాణం లేదన్న చార్వాకుడు ఇక్కడ ఓడిపోతాడు; ఎన్ని గంటలు, ఎంత వేడి అని లెక్కగట్టే అనుమాన ప్రమాణమే దిక్కు. శాస్త్రాన్ని అడిగినా పని జరగదు. రాత్రి గడిచిన ఆహారాన్ని గీత పదిహేడో అధ్యాయం తామసమంది. మనుస్మృతి అయిదో అధ్యాయం మాత్రం నేయి, నూనె కలిసినవాటికీ, గోధుమలతోనూ పాలతోనూ చేసినవాటికీ మినహాయింపు ఇచ్చింది. ఆ లెక్కన క్రీమ్ కేకు నిక్షేపంగా తినవచ్చు! వాళ్లు ఎంచింది శుచిని. బ్యాక్టీరియా సంగతి వాళ్ల దృష్టిలో లేదు.

ఇక దానం. కఠోపనిషత్తు మొదలయ్యేదే ఈ తగవుతో. యజ్ఞం చేస్తున్న తండ్రి ఇక మేత మేయలేని, పాలివ్వలేని, ఈనలేని ఆవులను దక్షిణగా తోలిస్తుంటే కుర్రవాడైన నచికేతుడికి మనసు కలుక్కుమంది. ఇలాంటివి ఇచ్చినవాడు ఆనందం లేని లోకాలకు పోతాడనుకున్నాడు. ఆవుల విషయంలో మోసం కంటికి కనిపిస్తుంది, పుచ్చుకునేవాడికీ తెలుస్తుంది. కేకు విషయంలో ఆ తెలివిడి ఇచ్చేవారి దగ్గరే ఉండిపోతుంది. అందుకే ఇది ఇంకా పెద్ద తప్పని నాకు తోస్తుంది.

అన్నం పరబ్రహ్మ స్వరూపం, పారేస్తే పాపం కదా అనవచ్చు. నిజమే, ఆ పాపం రాత్రి ఫ్రిజ్‌లో చోటు చేయనప్పుడే జరిగింది. పొద్దున దాన్ని ఇంకొకరి కడుపులోకి తోసినంత మాత్రాన అది మనల్ని వదలదు. వాళ్లకి చద్దన్నం అలవాటే, అరాయించుకుంటారు అనే మాట మరీ అన్యాయం. నీళ్లలోనో మజ్జిగలోనో పులిసిన చద్దన్నాన్ని ఆ పులుపే చాలావరకు కాస్తుంది. క్రీమ్‌కి ఆ కాపు లేదు, పేదవాళ్ల కడుపుకి విషం విరగదు. పైగా వాంతులతో ఆమె రెండు రోజులు రాకపోతే చాలా ఇళ్లలో జీతం కోస్తారు.

కాస్త బలమున్న ఆక్షేపణ ఒకటుంది: ఉన్నమాట చెప్పి ఇస్తే, తీసుకోవడం మానడం ఆమె ఇష్టం కదా? రాత్రంతా బయటే ఉంది, మేం తినడానికి భయపడ్డాం అని పూర్తిగా చెప్పి ఇచ్చేవాళ్లుంటే వాళ్లను మోసగాళ్లని అనలేను. అయితే నెల జీతం ఇచ్చే చేయి చాచినప్పుడు వద్దనడం ఆమెకు ఎంత తేలికో కూడా లెక్కలోకి తీసుకోవాలి. తీసుకుని, సందు మలుపులో పారేసి వెళ్లడం ఒక్కటే ఆమెకు మిగిలే స్వేచ్ఛ.