గాలి వీచు దినమున వేట: ధర్మమా? అధర్మమా?

బలవంతునకు బలహీనుని యెడ గల కర్తవ్యమేమని విచారించునపుడు మన పెద్దలు తరచుగా వేటను దృష్టాంతముగా గైకొనిరి. వేటలో ఉండువారు ఇద్దరే. ఒకరి చేతిలో ఆయుధము కలదు. రెండవవారికి కాళ్లు మాత్రమే కలవు. నడుమ సాక్షి లేడు, తీర్పరి లేడు. ఆ యేకాంతమున మనుజుడు చేయునదియే ఆతని నిజమైన శీలము. కావున వేటలోని ఒక చిన్న అంశమును, అనగా గాలి బలముగా వీచు దినమున జింకను వేటాడుటను తీసికొని, అందలి ధర్మాధర్మములను విచారింతము.

మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము వలన జింకల వేట నిషిద్ధము. కృష్ణజింక ఆంధ్రప్రదేశ్‌కును, చుక్కల జింక తెలంగాణకును రాష్ట్ర జంతువులు. కాని అమెరికాలో తెల్లతోక జింకల వేట శాసనసమ్మతము. పెక్కు రాష్ట్రములలో శరత్కాలము రాగానే అనుమతి పత్రములు పొంది లక్షలాది జనులు అడవులకు పోవుదురు. అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఇది ఇరుగుపొరుగువారి వాడుక. అచ్చట పెరుగు పిల్లలు “ఇందులో తప్పేమి?” అని యడిగినచో, “మనము శాకాహారులము” అనుట చాలదు. అది ఆచారమును తెలుపునే గాని కారణమును తెలుపదు.

మొదట ఆ ప్రాణి స్వభావమును గ్రహింపవలెను. జింకకు రక్షణ దాని ముక్కు, చెవులు, కన్నులు. మనుష్యుని వాసనను దూరమునుండియే పసిగట్టును. రెండు చెవులను వేర్వేరు దిక్కులకు త్రిప్పగలదు. కన్నులు తలకు ఇరుప్రక్కల నుండుటచే కదలికను వెంటనే గుర్తించును. గాలి లేని దినమున ఎండుటాకుపై ఒక్క అడుగు పడినను చాలును, అది కనుమరుగగును.

గాలి వీచు దినమున ఈ కావలి యంతయు చెదరును. ఆకులన్నియు కదలుచుండగా వేటగాని కదలిక వేరుగా కనబడదు. కొమ్మల రాపిడిలో అడుగుల చప్పుడు మునిగిపోవును. వాసన గాలి పోవు దిక్కునకే పోవును గాన, ఎదురుగాలిలో వచ్చువాని జాడ దానికి తెలియదు. అట్టి దినములలో జింక గాలి మరుగున కొండవాలునందో పొదల నడుమనో పరుండును. గాలి వచ్చు వైపునకు వీపు పెట్టి, వెనుక కాపును ముక్కునకును ముందు కాపును కన్నులకును అప్పగించి విశ్రమించునని అనుభవముగల వేటగాండ్రు చెప్పుదురు. ఎరిగినవాడు ప్రక్కనుండి చేరును.

విల్లుతో వేటాడువారి విషయము మరింత సూక్ష్మము. శబ్దము సెకనుకు సుమారు 340 మీటర్లు పోవును. నేటి విండ్లనుండి వెడలు బాణము సామాన్యముగా అందులో మూడవ వంతునకు మించి పోదు. 30 మీటర్ల దూరమున నారి మ్రోత ముందు చేరును. బాణము సుమారు పావు సెకను వెనుక చేరును. ఆ లోపల జింక పరుగునకై ఒడలు వంచినచో బాణము వీపు మీదుగా పోవును. ఆ ప్రాణికి మిగిలిన గడువు అంతియే. గాలి హోరు ఆ గడువును గూడ హరించును.

అయినను గాలి వేటగానికి మేలే చేయునని తలంపరాదు. అదే గాలి బాణమును ప్రక్కకు త్రోయును. అతడెక్కి కూర్చున్న చెట్టును ఊపును. గుండెకు తగులవలసిన బాణము కడుపునకు తగిలినచో ఆ జంతువు వెంటనే చావదు, గంటలకొలది బాధపడును. దాని జాడ తెలుపునవి నెత్తురు చుక్కలు. రాలుటాకులను గాలి తిరుగవేయుచుండగా ఆ చుక్కలును దొరకవు. ఈ విధముగా గాలి జింకనుండి ఎరుకను, వేటగానినుండి నిశ్చయమును ఒక్కసారిగనే తీసికొనుచున్నది. ధర్మప్రశ్న ఇచ్చటనే పుట్టినది. ఎదుటి ప్రాణికి తెలియదు. నాకు నిశ్చయము లేదు. అట్టి సమయమున నేను చేయి యెత్తవచ్చునా?

వేటను సమర్థించువారి వాదమును న్యాయముగా వినవలెను. అమ్మకమునకై సాగిన విచ్చలవిడి వేట వలన 20వ శతాబ్ది ఆరంభమునకు అమెరికాలో తెల్లతోక జింకలు కొన్ని లక్షలకు క్షీణించినవి. 1900లో లేసీ చట్టము, అక్రమముగా చంపిన జంతువులను ఒక రాష్ట్రమునుండి మరియొక రాష్ట్రమునకు తరలించి అమ్ముటను నిషేధించెను. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టము తుపాకులు, తూటాలపై వచ్చు పన్నును వన్యప్రాణుల రక్షణకు మరలించెను. నేడు ఆ జింకలు సుమారు 3 కోట్లని అంచనా. తోడేళ్లు పెక్కు ప్రాంతములలో నశించినందున, జింకలు మితిమీరిన చోట మొలకలను మేసి అడవిని పెరుగనీయవు. కఠినమైన చలికాలమున ఆకలితో చచ్చును. కావున వేట అవసరమని వారందురు. 1887లో థియోడర్ రూజ్‌వెల్ట్ స్థాపించిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు, జంతువునకు తప్పించుకొను అవకాశము లేని వేట తగదని చెప్పుచున్నది. శ్రద్ధగల వేటగాండ్రు గాలి హెచ్చినపుడు దూరపు లక్ష్యముపై విల్లెత్తరు.

ఈ వాదమున సత్యము కలదు. కాని అది “ఎన్ని చంపవలెను?” అను ప్రశ్నకు సమాధానమే గాని “ఎట్లు చంపవలెను?” అను ప్రశ్నకు గాదు. అడవి మేలుకొరకు కొన్ని జింకలు చావవలసియున్నను, సందేహముతో విడిచిన బాణమును ఏ అడవియు కోరదు.

మన యితిహాసములలో ఈ రెండు దోషములకును రెండు కథలు కలవు. భారతమున కిందముడను ముని జింక రూపమున తన జంటతో కూడియుండగా పాండురాజు బాణములతో కొట్టెను. మృగములను చంపుట రాజులకు చెల్లునని రాజు వాదించెను. ముని వేటనే నిందింపలేదు. తన్ను తాను కాచుకొనలేని సమయమున కొట్టుటను నిందించెను. రామాయణమున దశరథుడు సరయూతీరమున చీకటిలో, కడవ మునుగు చప్పుడును ఏనుగు ధ్వనియని తలంచి బాణము విడిచి మునికుమారుని చంపెను. మొదటి కథలో ఎదుటివారికి ఎరుక లేదు. రెండవ కథలో కొట్టినవానికి నిశ్చయము లేదు. గాలి దినమున ఈ రెండును ఒకచోట చేరును.

12వ శతాబ్ది పూర్వార్ధమున కల్యాణము రాజధానిగా ఏలిన చాళుక్య మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసము’న వేటను రాజవినోదములలో నొకటిగా వర్ణించెను. కొన్ని దశాబ్దముల పిమ్మట అదే కల్యాణమున బసవేశ్వరుడును శరణులును సర్వప్రాణుల యెడ దయను ధర్మమునకు పునాదిగా నిలిపిరి. ఒకే నగరమున ఒక తరము ప్రాణిభయమును వినోదముగా లెక్కింపగా, మరియొక తరము దానిని తన భయముగా భావించినది.

అయినను వేటగానిని హీనునిగా చూచుట మన మార్గము గాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున కన్నప్ప కథ కలదు. ఆయన బోయ; వేటాడి తెచ్చిన మాంసమునే లింగమునకు నివేదించిన భక్తుడు. గురిచూచు వానికి కన్నుకంటె విలువైనది లేదు. ఆ కన్నునే పెరికి సమర్పించి ఆయన ధన్యుడయ్యెను. ఆకలికై అడవిని నమ్ముకొన్న వానికిని, వినోదమునకై అడవికి పోవువానికిని గల భేదమును మరువరాదు.

ఇక మన సంగతి విచారింతము. మాంసము ముట్టనంత మాత్రమున మనము వేట మానితిమని చెప్పగలమా? వానలు లేక పంట పోయిన రైతు, ఆసుపత్రి వాకిట నిలిచి అప్పునకై చేయి చాచిన తండ్రి, చదువు రాక పత్రముపై వ్రేలిముద్ర వేయు స్త్రీ, వీరందరును గాలి దినపు జింకలే. కష్టముల హోరులో రాబోవు ప్రమాదపు చప్పుడు వారికి వినబడదు. అట్టి వానికి హెచ్చు వడ్డీ కట్టుట, అట్టి వాని పొలమును సగము ధరకు కొనుట, కొత్తగా భర్తను కోల్పోయిన భక్తురాలిచే దానపత్రము వ్రాయించుకొనుట న్యాయస్థానమున చెల్లవచ్చును. శాసనము సంతకమును చూచునే గాని, సంతకము చేసిన దినమున గాలి యెట్లు వీచినదో చూడదు. అట్లు వచ్చినది కాయకముచే ఆర్జించిన ధనమని ఏ గృహస్థుడును, ఏ మఠమును చెప్పజాలదు.

ఎదుటివాని బలహీనత మనకు తెలిసినపుడు, ఆ తెలివి మన చేతికి వచ్చిన ఆయుధము గాదు. మనయొద్ద నుంచిన నిక్షేపము. అతనికి ఎరుక తగ్గినంత మేర మనకు బాధ్యత పెరుగును. మనకే నిశ్చయము లేనపుడు చేయి దింపుకొనుట పిరికితనము గాదు. గాలి తగ్గువరకు వేచియుండి, ఎదుటివాడు వినగలిగినపుడు, చూడగలిగినపుడు వానితో వ్యవహరించుటయే న్యాయము. అమెరికా అడవిలో గాలి హెచ్చెనని బాణము విడువక చెట్టు దిగివచ్చిన వేటగాడు ఆనాడు వట్టి చేతులతో ఇల్లు చేరును. ఆ సంయమమును మన అంగడిలో, మన పొలము గట్టున, మన మఠమున మనమును పాటింపవలెను.