ధూత హారము : కంప్యూటరు చౌర్యమునకు తగిన శిక్ష

శూద్రకుని రచనగా ప్రసిద్ధి గాంచిన మృచ్ఛకటికమును చదివినవారు శర్విలకుని మరువజాలరు. మూడవ అంకమున ఆ బ్రాహ్మణ యువకుడు చారుదత్తుని ఇంటికి కన్నము వేయ వచ్చును. గోడ ఎచ్చట నానియున్నది, ఏ ఆకారమున త్రవ్విన చూపరులు మెచ్చుకొందురు అని శాస్త్రోక్తముగా విచారించును. కొలత త్రాడు మరచివచ్చినందున యజ్ఞోపవీతమునే కొలత త్రాడుగా వాడుకొనును. దొంగతనము బయటపడిన పిమ్మట చారుదత్తుడును ముందుగా ఆ కన్నపు అందమునే మెచ్చుకొనును. ప్రేక్షకులు నవ్వుదురు.

తరువాత జరిగినదానికి నవ్వు రాదు. దొంగ కొనిపోయిన నగలు చారుదత్తునివి కావు. వసంతసేన ఆయనను నమ్మి దాచిపెట్టినవి. వానికి కావలిగా నుండవలసిన విదూషకుడు నిద్రలో పలవరించుచు, ఎదుట నున్నవాడు తన మిత్రుడే యనుకొని, నగలపాత్రను స్వహస్తములతో దొంగకు అందించెను. ఆ లోటు తీర్చుటకు చారుదత్తుని ఇల్లాలు ధూత తన పుట్టింటినుండి వచ్చిన రత్నహారమును తీసి ఇచ్చెను. ఆమె కన్నము వేయలేదు, కావలి కాయుచు నిదురింపలేదు, ఒకరి సొమ్మును దాచుటకు ఒప్పుకొననూ లేదు. మూల్యము చెల్లించినది మాత్రము ఆమెయే.

అనుమతి లేక ఇతరుల కంప్యూటరు వ్యవస్థలలోనికి చొరబడు నేరమును, అనగా నేడు అందరును హ్యాకింగు అనుచున్న దానిని, ఎట్లు చూడవలెను, ఎట్లు శిక్షింపవలెను అను ప్రశ్న వచ్చినపుడెల్ల మాకు ఈ కథయే జ్ఞప్తికి వచ్చుచుండును. ఇందు నలుగురు గలరు: నేర్పరియైన దొంగ, నిద్రించిన కావలివాడు, నమ్మి దాచుకొన్న సొంతదారు, నష్టము భరించిన ధూత. లోకముయొక్క దృష్టి మొదటివానిమీదనే నిలుచుచున్నది. కొందరు వాని విద్యకు ముగ్ధులై నేరమును మరతురు. మరికొందరు ఆ విద్యకే భయపడి, ఎంత శిక్షయైనను చాలదందురు. ఇరువురును కన్నమునే చూచుచున్నారు. హారమును చూచువారు అరుదు.

భయమునకు హేతువు లేకపోలేదు. 1988 నవంబరులో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయపు విద్యార్థి రాబర్ట్ మారిస్ వ్రాసి విడిచిన ఒక చిన్న ప్రోగ్రాము, ఒక యంత్రమునుండి మరియొక యంత్రమునకు తనంత తానే ప్రాకుచు, నాటి ఇంటర్నెట్టులో వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసినది. ఆ యువకునకు ధనాశ లేదు. తన సృష్టి ఎంత వేగముగా పెరుగునో అతడు సరిగా అంచనా కట్టలేకపోయెను. 1990లో న్యాయస్థానము అతనికి 3 సంవత్సరముల ప్రొబేషను, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా విధించినది. చెరసాలకు పంపలేదు. అతడే తరువాతి కాలమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్యుడై విద్యార్థులకు కంప్యూటరు శాస్త్రము బోధించుచు వచ్చెను.

మారిస్‌ను శిక్షించిన చట్టము 1986 నాటిది. అదే చట్టము 2011లో ఆరన్ స్వార్ట్జ్ అను యువకునిపై ప్రయోగింపబడినది. మసాచుసెట్స్ విద్యాసంస్థయొక్క కంప్యూటరు జాలము ద్వారా జేస్టోర్ అను భాండారమునుండి లక్షలకొలది పరిశోధన వ్యాసములను దించుకొనెనని అభియోగము. ఆ భాండారమువారు అతనితో రాజీపడి, తమవరకు వివాదము తీరినదనిరి. ప్రభుత్వ న్యాయవాదులు మాత్రము విడువలేదు. మొదటి అభియోగపత్రమును బట్టియే గరిష్ఠముగా 35 సంవత్సరముల చెర పడవచ్చునని ప్రకటించిరి. విచారణ మొదలుకాక పూర్వమే, 2013 జనవరిలో, తన 26వ యేట అతడు ప్రాణము తీసికొనెను. ఒక మరణమునకు ఒకే కారణము చూపుట సాహసము. ఆ సాహసము మేము చేయము. అయినను ఈ రెండు కేసులను ప్రక్కప్రక్కన నుంచినపుడు ఒక సంగతి స్పష్టమగుచున్నది. వేల యంత్రములను నిలిపివేసినవానికి చెర పడలేదు. చదువుకొను వ్యాసములను తీసికొన్నవానికి మూడున్నర దశాబ్దుల చెర చూపి భయపెట్టిరి. ఇచ్చట శిక్షకు కొలబద్ద పరులకు కలిగిన హాని కాదు. ఆ విద్యయెడల గల జంకు కొంత, చట్టపు మాటల వెడల్పు కొంత.

అట్లని, మేధావియైన యువకుడు గదా అని విడిచిపెట్టుట న్యాయమగునా? ఫిన్లండు దేశపు ఉదంతము ఇందుకు హెచ్చరిక. 2015లో అచ్చట ఒక బాలుడు 50,000కు పైబడిన చొరబాటు నేరములలో దోషిగా తేలెను. 17 ఏండ్ల వయస్సు చూచి న్యాయస్థానము అమలు నిలిపిన శిక్షతో సరిపెట్టినది. 2020లో ఆ దేశమున ఒక మానసిక చికిత్సా సంస్థనుండి దొంగిలింపబడిన రోగుల రహస్యములను చూపి ధనము గుంజు యత్నము జరిగినది. ఆ సంస్థ రోగులు సుమారు 33,000 మంది. వైద్యునియెదుట మాత్రమే విప్పుకొన్న దుఃఖములను బయట పెట్టుదుమని రోగులకే నేరుగా బెదరింపులు వచ్చినవి. 2024లో జిల్లా న్యాయస్థానము ఆ నేరమునకు 6 సంవత్సరముల 3 మాసముల చెర విధించినది ఆ వెనుకటి బాలునికే.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున చౌర్యదోషమును వర్ణక్రమమున ఎనిమిది మొదలు అరువదినాలుగు రెట్లవరకు హెచ్చించి చెప్పిరి. ఆ వర్ణపు మెట్లను నేడు మనము త్రోసిపుచ్చుచున్నాము, త్రోసిపుచ్చవలసినదే. కాని అచ్చట చూపిన హేతువు మాత్రము గ్రహింపదగినది: మంచిచెడ్డలు తెలిసిన వానికి దోషము హెచ్చు. విద్య యనునది నేరమునకు సాకు కాజాలదు.

అట్లయిన కరుణకు తావెచ్చట? 2017 మే నెలలో వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము లోకమంతట వ్యాపించి, కంప్యూటర్లలోని పత్రములకు తాళము వేసి ధనము కోరినది. ఇంగ్లండు ప్రభుత్వ వైద్యసేవలో మూడవవంతు ఆస్పత్రి సంస్థలకు ఆటంకము కలిగి, వేలకొలది రోగుల చికిత్సలు వాయిదా పడినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్నియు ఆ దెబ్బ తిన్నవి. దాని వ్యాప్తిని అరికట్టినవాడు మార్కస్ హచిన్స్ అను ఆంగ్ల యువకుడు. ఆ ప్రోగ్రాము వెదకుచుండిన ఒక చిరునామాను కనిపెట్టి, దానిని తన పేర నమోదు చేయించెను; వ్యాప్తి ఆగిపోయెను. మూడు మాసములైనను గడువకముందే అతడు అమెరికాలో అరెస్టాయెను. అంతకు కొన్ని సంవత్సరములు పూర్వము బ్యాంకు ఖాతాల రహస్యములను దొంగిలించు ప్రోగ్రామును వ్రాసిన నేరము అతనిది. అతడు నేరమొప్పుకొనెను. 2019లో న్యాయాధిపతి, పట్టువడక మునుపే అతడు మంచిత్రోవకు మరలియుండుటను గమనించి, గడిపిన నిర్బంధమే చాలునని, మరియొక సంవత్సరము పర్యవేక్షణ విధించి విడిచిపెట్టెను.

హచిన్స్‌ను క్షమింపజేసినది అతని తెలివి గాదు, వయస్సు గాదు, మరలుట. శర్విలకుని కథయు ఇంతే. తన దాస్యవిముక్తికై తెచ్చిన నగలు ఏ ఇంటివో తెలిసినంతనే మదనిక తల్లడిల్లెను. ఆ ఇంట ఎవరికైనను ఆపద కలిగెనా యని ముందుగా అడిగెను. నగలను సొంతదారునకు చేర్చుమని హితవు చెప్పెను. అతడట్లే చేసెను. సొమ్ము మరలించిన పిదపనే అతడు మిత్రుని చెర విడిపింప పూనుకొని, కథలో గౌరవపాత్రుడాయెను.

కావున శిక్ష విధించుటకు పూర్వము అడుగవలసిన ప్రశ్నలు మూడని మేము తలంచుచున్నాము. ఎవరికి, ఎంత హాని కలిగినది? అది బుద్ధిపూర్వకమా, అజాగ్రత్తయా, వట్టి కుతూహలమా? హాని తెలిసిన పిమ్మట అతడేమి చేసెను? మన దేశపు చట్టమున ఈ తారతమ్యమునకు కొంత చోటు గలదు. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములో 66వ సెక్షను హ్యాకింగు అను పేరుతోనే నేరమును నిర్వచించినది. 2008లో చేసిన సవరణ ఆ పేరును తొలగించినది. దాని ప్రకారము అనుమతి లేని ప్రవేశమునకు 43వ సెక్షను క్రింద నష్టపరిహారము; అదే పని మోసబుద్ధితో చేసిన 3 సంవత్సరములవరకు చెర, లేదా 5 లక్షల రూపాయలవరకు జరిమానా, లేదా రెండును. దేశభద్రతను దెబ్బతీయ నుద్దేశించిన సైబరు ఉగ్రవాదమునకు యావజ్జీవము. విద్యను గాక బుద్ధిని తూచిన ఈ పద్ధతి మేలైనది.

ఇక నిద్రించిన కావలివాని సంగతి. 2022 నవంబరు 23న ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థ కంప్యూటర్లు ఇట్టి దాడికే లోనుకాగా, చాల దినములు రోగుల నమోదు చేతివ్రాతతోనే నడిచినది. రోగి తన వ్యాధిని, ఖాతాదారు తన ధనమును, పౌరుడు తన వ్రేలిముద్రను నమ్మి అప్పగించుచున్నారు. ఇవి అన్నియు వసంతసేన దాచిన నగలే. 2023లో పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, తగిన భద్రత పాటింపని సంస్థకు 250 కోట్ల రూపాయలవరకు జరిమానా ఏర్పరచినది. సంతోషమే. కాని ఆ సొమ్ము భారత సంచిత నిధికి చేరును. రహస్యము పోగొట్టుకొన్న రోగికి అందులో ఒక్క రూపాయియు వచ్చు మార్గము ఆ చట్టమున లేదు. దొంగ చెరకు పోవును, కావలివాడు జరిమానా కట్టును, ధూత మెడ మాత్రము బోసిగానే యుండును. శిక్షలో మొదటి భాగము నష్టపడినవారికి చేరవలెనని మేము కోరుట ఇందుకే.

ఈ విషయమును సంఘ సంచికలో ఎత్తుటకు కారణము గలదు. బెంగుళూరు, చెన్నపట్టణము, పుణె నగరములలో స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలనేకులు ఈ విద్యతోనే జీవించుచున్నారు. పొరుగింటివారి వైఫై సంకేతపదమును పసివాడు కనిపెట్టినాడని చుట్టములముందు చెప్పి మురియు తల్లిదండ్రులును మనలో లేకపోలేదు. ఆ పిల్లవానిని కొట్టనక్కరలేదు, పోలీసులను పిలువనక్కరలేదు. లోపము కనిపెట్టినవాడు యజమానికి తెలిపి సరిచేయించు మంచి ఆచారము నేడు ఈ వృత్తిలో గలదని వానికి నేర్పవచ్చును. అంతకంటె ముందు వానిని మదనిక అడిగిన ప్రశ్న అడుగుదము: నాయనా, ఆ ఇంట ఎవరికైనను హాని కలిగెనా? ఈ ప్రశ్న చిన్ననాడే విన్నవాడు పెద్దయిన పిమ్మట న్యాయాధిపతి నోట దానిని వినవలసిన అగత్యము రాకుండును.