రోగి యెవరి సొత్తు?

రెండుమూడు దినముల జ్వరమునకు పరిచర్య చేయుట కష్టము కాదు. ఇంటివారందఱును చుట్టు చేరుదురు. ఇరుగుపొరుగువారు కషాయములు చెప్పుదురు. నాలుగవ దినమున పథ్యము పెట్టుటతో ఆ ముచ్చట ముగియును. సంకటమంతయు దీర్ఘరోగమునందు కలదు. నెలల తరబడి వైద్యశాలలో మంచము పట్టియున్న భర్తయొద్దనో, తల్లియొద్దనో, బిడ్డయొద్దనో కూర్చుండువారికి మొదటి వారమునందలి యుత్సాహము రెండవ నెలలో నుండదు. పలుకరింప వచ్చువారు తగ్గుదురు. చేతిలోని ధనము తఱుగును. అప్పుడు రోగియెడల మన విధి యేమి యను ప్రశ్నము నిచట విచారింపదలచితిమి.

సేవయే మన విధి యని యెల్లరును అందురు. కాదనువారెవరు? కాని సేవ యను మాటక్రింద రెండు వేఱువేఱు పనులు దాగియున్నవి. రోగికేది కావలయునో దానిని చేయుట యొకటి. రోగిని మన యధీనములోని వస్తువుగా నెంచి, వానికి మంచిదని మనకు తోచినదానిని చేయుట మఱియొకటి. రోగము దీర్ఘమగుకొలది మొదటిది మెల్లమెల్లగా రెండవదిగా మాఱును. వైద్యునితో మాటలాడువారము మనము; ఔషధములు తెచ్చువారము మనము; కాగితములపై వ్రాలు చేయువారము మనము; కావున రోగి మన సొత్తనెడి భ్రమ మనకు తెలియకయే కలుగును. ఈ భ్రమ నిర్దయులకంటె మిక్కిలి ప్రేమ గలవారికే త్వరగా కలుగుట విచారకరము.

చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. పరిచారకునకు ఉపచారజ్ఞానము, దక్షత, అనురాగము, శుచిత్వము ఉండవలెనట. అనురాగమే సర్వమని తలచు మనకు, అది నాలుగింట నొకటిగా మాత్రమే లెక్కింపబడుట కొంత యాశ్చర్యము కలిగింపవచ్చును. అంతకంటెను గమనింపదగినది, రోగియు నొక పాదమగుట. జ్ఞాపకశక్తి, వైద్యుని మాట వినుట, నిర్భయత్వము, తన బాధను తెలుపగల శక్తి, ఇవి వాని గుణములు. పాదమనగా మోయునది గదా! ఆ ప్రాచీన వైద్యులు రోగిని చికిత్సలో పాలుగలవానిగా నెంచిరి. మనమో, "మీరు విశ్రాంతి తీసికొనుడు, అన్నియు మేము చూచుకొందుము" అని వాని నోరు మూయుదుము.

నేటి వైద్యశాలలనుండి యొక యుదాహరణము తీసికొందము. బిడ్డలకు వచ్చు కాన్సరు వ్యాధులలో లింఫోబ్లాస్టిక్ లుకేమియా యను రక్తవ్యాధి తఱచైనది. దాని చికిత్స రెండుమూడు సంవత్సరములు సాగును. మొదటి నెల మిక్కిలి కఠినము. ఔషధములు వ్యాధికణములతోపాటు రోగముల నెదిరించు తెల్లకణములను గూడ నశింపజేయును. ఆ దినములలో 100.4 డిగ్రీల జ్వరము కనబడినను క్షణమాలసింపక వైద్యునకు తెలుపవలెను. ఏలయన, మనకు తుమ్ముతో పోవు సూక్ష్మజీవి యా బిడ్డ ప్రాణము తీయగలదు. 1847లో వియన్నా ప్రసూతిశాలయందు సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు క్లోరిను కలిపిన నీటితో చేతులు కడుగుకొనుటను విధించి బాలెంతల మరణములను విశేషముగా తగ్గించెను. నేటికిని ఆ చేతులు కడుగుకొనుటయంత చౌకయైనదియు గొప్పదియునగు పరిచర్య మఱియొకటి లేదు. అట్టి బిడ్డను చూడవచ్చు బంధువులు చేయునదేమి? దేవాలయమునుండి తీర్థమును, కొబ్బరిముక్కలను, పూవులను తెత్తురు. వలదనక ముందే బిడ్డ నోటను తలకడను పెట్టుదురు. వారికి ప్రేమ లేక కాదు. చరకుడు చెప్పిన నాలుగు గుణములలో తక్కిన మూడును లేవు. తెల్లకణములు తగ్గియున్న దినములలో పూవులును, పచ్చి పదార్థములును దూరముగా నుంచుడని వైద్యులు చెప్పినయెడల అది దైవదూషణము కానేరదు.

ఇచట మన సమాజమువారితో నొక మాట చెప్పవలసియున్నది. తీర్థప్రసాదముల నడ్డగించుట మనకు సంతోషముగనే యుండును. వైద్యుడును మన పక్షముననే యున్నాడని కొంత గర్వము కూడ కలుగును. కాని యేల యడ్డగించుచున్నామో మనల మనమే ప్రశ్నించుకొనవలెను. వైద్యుని మాటవలననా, మన మతమువలననా? మంచమునందున్న తల్లి తన తలగడక్రింద వేంకటేశ్వరుని పటము నుంచుమని కోరెననుకొనుడు. నిరాకారుడైన యీశ్వరుని పటమునందు నిలుపుట తగదని కుమారుని విశ్వాసము. ఆ పటమువలన రోగమునకు కీడు లేదు. దానిని తొలగించి, తల్లి కన్నుమూయులోపల నామెకు సత్యమతము బోధింపవలెనని తొందరపడు కుమారుడు చేయుచున్నది సంస్కరణమా? లేచి వెడలిపోలేని మనుష్యునితో వాదించి గెలిచినవాని కేమి కీర్తి? ఆరోగ్యముతో నున్న తల్లితో నెంతయైనను వాదింపవచ్చును. ఆమెకు నోరు కలదు, కాళ్లును కలవు. రోగశయ్యపై నున్న తల్లికి ఆ పటము కుమారుడే తెచ్చి యీయవలెనని మా యభిప్రాయము. దీనిని కొందఱు బలహీనతయందురు. అననిండు.

1833 సెప్టెంబరులో రాజా రామమోహనరాయలు బ్రిస్టలు నగరమునకు సమీపమున స్టేపుల్టన్ గ్రోవు అను గృహమునందు వ్యాధిగ్రస్తుడై, ఆ నెల 27వ తేదీన స్వదేశమునకు వేలకొలది మైళ్ల దూరమున దేహము చాలించెను. ఆయనను వైద్యుడు ఎస్ట్లిన్ చూచుచుండెను. కలకత్తాలో విద్యాభివృద్ధికి పాటుపడిన డేవిడ్ హేరు కుటుంబములోని యొక కన్య రేయింబవళ్లు పరిచర్య చేసెను. వారు క్రైస్తవులు, ఆయన దేహము వారి చేతులలో నుండెను. తాము పుట్టిపెరిగిన కర్మకాండమును దానిపై నడుపుట వారికి సులభమే. అట్లు చేయక, ఆయన కోరిక ననుసరించి, అక్టోబరు 18న ఆ తోటలోనే చెట్లనీడను, ఏ మతకర్మయు లేక నిశ్శబ్దముగా ఖననము చేసిరి. యజ్ఞోపవీతము కడవఱకు నాయన మేననే యుండెను. అన్యుల చేతులలో బడినను ఆయన ఆయనగనే యుండెను.

మఱి యేమి చెప్పక చెప్పక, "ఏ జన్మమున నేమి పాపము చేసెనో" అని రోగి వినుచుండగనే నిట్టూర్చువారినిగూర్చి యేమందుము? 1882 మార్చి 24న బెర్లిను నగరమున రాబర్టు కోహ్ క్షయవ్యాధికి కారణమగు సూక్ష్మజీవిని లోకమునకు చూపెను. ఆ జీవి యెవరి పూర్వజన్మపు లెక్కలను చూడదు. గాలివెలుతురులు లేని యిండ్లలో, కడుపునిండ తిండిలేని దేహములలో ప్రబలును. రోగిచే నేరమొప్పించుకొనుటకు వచ్చినట్లు వచ్చు పలుకరింపువలన కలుగు హాని యింతంత కాదు. రాత్రి దీపములు తగ్గించిన పిమ్మట, నిద్రపట్టని రోగి తనపై తానే విచారణ నడపుకొనును. కరుణామయుడగు తండ్రిని నమ్మువారము, ఆ తండ్రి బిడ్డ యూపిరితిత్తులలో పురుగులను ప్రవేశపెట్టి పాతబాకీలు వసూలు చేయునని యెట్లు నమ్మగలము?

క్షయనుగూర్చి మఱికొంత చెప్పక తీరదు. 1915లో మదనపల్లె సమీపమున ఆరోగ్యవరమునందు క్షయవైద్యశాల వెలసెను. ఆ కాలమున నా వ్యాధికి మందు లేదు; మంచిగాలి, పుష్టికరమైన యాహారము, విశ్రాంతి మాత్రమే చికిత్స. రోగులు నెలల తరబడి యిల్లు విడిచి యుండవలసివచ్చెడిది. 1943లో స్ట్రెప్టోమైసిను కనుగొనబడెను. 1952నుండి ఐసోనియజిడ్ వాడుకలోనికి వచ్చెను. 1956లో మద్రాసున నారంభించిన పరిశోధనము యొక్క ఫలితములు 1959లో ప్రకటింపబడినవి. వైద్యశాలయందుంచి మందిచ్చినను, పేదల యిండ్లలోనే యుంచి మందిచ్చినను ఫలితము దాదాపు సమానమే. ఇంటనుంచి చికిత్స చేయుటచే కుటుంబమువారికి వ్యాధి యధికముగా సోకలేదు. సామాన్యమైన క్షయకు నేడు ఆరు నెలల మందు చాలును. శాస్త్రము రోగిని వెలివేయవలసిన పని లేదని చెప్పి యఱువది సంవత్సరములు దాటినది.

అయినను కోడలు దగ్గినయెడల నామెను పుట్టింటికి పంపు గృహములింకను కలవు. "పుట్టినవారు బాగుగా చూచుకొందురు" అనుట దానికి పెట్టిన ముద్దుపేరు. భర్త దగ్గినయెడల నామె మంచము విడువరాదు. నిద్ర మానవలెను, మొక్కులు మొక్కవలెను, నగలు కుదువపెట్టవలెను. అప్పుడు లోకమామెను పతివ్రత యనును. భార్య మూడు నెలలు వైద్యశాలలో నుండగా ఉద్యోగమునకు సెలవు పెట్టి యామె మూత్రపాత్ర నెత్తిన భర్తకు మన భాషలో నొక బిరుదము కలదా? మేమెఱిగినంతలో లేదు. ఏ వైద్యశాలలోని స్త్రీల వార్డునకైనను పోయి, రాత్రి నేలపై చాప పఱచుకొని పండుకొన్నవారిని చూడుడు. తల్లులు, అక్కలు, కుమార్తెలు. అచట రాత్రివేళ పురుషుల నుండనీయరను నియమము నిజమే. కాని పురుషుల వార్డులోను భార్యలును తల్లులునే యుందురుగదా! వితంతువునకు పెండ్లి చేయవలెనని పోరాడిన సమాజము, ముందుగా రోగిణియైన భార్యకు భర్త పరిచర్య నేల విధింపరాదు? పరిచర్య స్త్రీధర్మమైనచో రోగము కూడ స్త్రీలకు రాక మానవలసినది.

పరిచర్యను పంచుకొనుట న్యాయమునకే గాక రోగి మేలునకును అవసరము. కదలలేని రోగిని సాధారణముగా రెండు గంటల కొకసారి ప్రక్క మార్చవలెను. లేనిచో వెన్నుపూస చివరను, మడమలయందును పుండ్లు పడును. అనగా రాత్రికి నాలుగైదు సార్లు. ఒక మనుష్యుడు పది రాత్రులిట్లు మేల్కొనగలడు. అఱువది రాత్రులు మేల్కొనలేడు. పదునొకండవ రాత్రి వాని చేయి కఱకుదేఱును, మాట కఱకుదేఱును. అది వాని హృదయదోషము కాదు, నిద్రలేమి. అట్లే, ప్రక్కన కూర్చుండుటచే పోవు దినకూలి యే వైద్యశాల చీటీలోను చేరదు. బంధువు నూఱు రూపాయల పండ్లు తెచ్చుటకంటె ఒక రాత్రి కాపలా కాచి, ఆ యిల్లాలిని ఇంటికి పంపుట మేలు.

ఇక సత్యమునుగూర్చి. రోగికి వ్యాధిపేరు చెప్పవలదని వైద్యుని ప్రక్కకు పిలిచి వేడుకొనుట మన దేశమున ప్రేమలక్షణముగా నెంచబడుచున్నది. ఫ్లారెన్సు నైటింగేలు పరిచర్యనుగూర్చి వ్రాసిన ప్రసిద్ధ గ్రంథమున రోగి గదిలోనో వాకిటనో గుసగుసలాడుట క్రూరమనియు, ఆధారములేని యాశలు చెప్పు పలుకరింపులు రోగిని వేధించుననియు నొక్కి చెప్పెను. ఆమె దీర్ఘకాలము స్వయముగా వ్యాధితో మంచము పట్టినది. రోగి మూఢుడు కాడు. మందుల సంఖ్యను చూచును. భార్య కన్నులను చూచును. తానడిగినప్పుడు మాట మార్చబడుటను చూచును. మనము దాచునది వ్యాధిని కాదు. వ్యాధినిగూర్చి మనతో మాటలాడు దారిని. ఆ పిమ్మట వాడొంటరిగా భయపడవలసివచ్చును, మనమును ఒంటరిగా ఏడువవలసివచ్చును, మధ్యన నొక మంచము మాత్రము.

సత్యము చెప్పినచో గుండె పగులునందురు. ఒక్కమాఱుగా, నిలుచుండియే, తీర్పు చదివినట్లు చెప్పినయెడల పగులవచ్చును. వాడెంత యడుగునో అంత చెప్పుట, అడిగినదానికి కల్ల చెప్పకుండుట, చెప్పిన తరువాత లేచి పోకుండుట మఱియొక విధము. "నాకు చెప్పవలదు, నా తమ్మునితో మాటలాడుడు" అని రోగియే కోరినయెడల నదియు వాని యిచ్ఛయే, దానిని మన్నింపవలెను. కోరువాడు వాడై యుండవలెను. 2008లో సర్వోన్నత న్యాయస్థాన మొక స్త్రీ విషయమున నిదే నిర్ణయించెను. పరీక్షకై మత్తుమందిచ్చి స్పృహలేకుండ నున్న యామె గర్భాశయమును, వెలుపల నున్న తల్లి యనుమతి మాత్రము గొని తొలగించిరి. అప్పటికప్పుడు ప్రాణాపాయము లేనపుడు, ఈడువచ్చి బుద్ధిస్థిమితము గల స్త్రీకి మాఱుగా తల్లి యనుమతి చెల్లదనియు, ఆమె మేల్కొనువఱకు వేచి యామెనే యడుగవలసినదనియు తీర్పయ్యెను. తల్లికంటె నెక్కువ ప్రేమగలవారెవరు? ఆ ప్రేమకును అంతటి యధికారము లేదు.

ప్రార్థనము మానవలెనా యని యడుగుదురు. మానవలదు. ఈ రోగి బ్రతికినచో ఇన్ని కొబ్బరికాయలు, ఇంత వెండి యని బేరము పెట్టు మొక్కును మానవలెను. ఆ బేరము తప్పినపుడు నేరము రోగిపై గాని దేవునిపై గాని పడును. ప్రక్కన కూర్చుండువానికి రేపటి దినమునకు వలయు నోర్పును, మృదువైన చేతిని, బొంకని నోటిని వేడుకొనుటకు ప్రార్థనము కలదు. రోగి కూడ వేడుకొనదలచినయెడల కూడి వేడుకొనవచ్చును. వలదన్నయెడల వాకిటికి పోయి వేడుకొనవచ్చును.

రోగిని పుచ్చుకొనువానిగా మాత్రమే యుంచకుడు. ఇంటి జమాఖర్చు లెక్క తెచ్చి చూపుడు. పాలవాని బాకీయెంతో యడుగుడు, వానికే జ్ఞాపకముండును. కుమార్తె చదువు విషయమున నేమి చేయుదమని యడిగి, చెప్పినట్లు చేయుడు. పిల్లవానికి ఎక్కములప్పగించు పని వానికి విడువుడు. "ప్రొద్దెక్కినది, నీవు పోయి భోజనము చేసి రమ్ము" అని వాడన్నపుడు "నాకాకలి లేదు" అని బొంకక లేచి పోయి, కడుపునిండ తిని, ఏమి కూర తింటివో వచ్చి వానికి చెప్పుము.